సౌండ్ కాస్త తగ్గించండి: కచేరీలు నడిపేవారికి ఓ శ్రోత బహిరంగ లేఖ

కచేరీల నిర్వాహకులకు, హాళ్ళు నడిపేవారికి, మిక్సర్ ముందు నిలబడి మా అందరి తరఫునా వినే సౌండ్ ఇంజనీర్లకు,

నమస్కారం.

అడగదల్చుకున్నది ముందే అడిగేస్తాను, ఎందుకో తర్వాత చెబుతాను. మీ కచేరీల్లో సౌండ్ కాస్త తగ్గించండి. ‘కాస్త’ అంటే ఎంతో లెక్కతో సహా కింద రాశాను. పాటలో మాటలు స్పష్టంగా వినబడేలా చూడండి. ఎంత మోత మోగుతోందో మాకూ కనబడేలా ఒక మీటరు పెట్టండి. గేటు దగ్గర ఇయర్‌ప్లగ్స్ ఇవ్వండి. టికెట్ల ధరల గురించి, క్యూల గురించి నేనేమీ అనడం లేదు. వాటి మీద తిట్టేవాళ్ళు మీకు కావలసినంత మంది ఉన్నారు.

ఇదెవరో పాటలంటే గిట్టనివాళ్ళు రాశారనుకోకండి. పాటంటే చెవి కోసుకునే రకం మేము. అందుకే ఆ చెవి గురించి ఇంత బెంగ.

అసలు మేం ఎందుకు వస్తామో ఒకసారి ఆలోచించండి. పాట ఫోన్లో ఉంది. ఎప్పుడంటే అప్పుడు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు వినొచ్చు. స్టూడియోలో నెలల తరబడి చెక్కిన పాట కాబట్టి అందులో శ్రుతి తప్పదు, మైకు కీచుమనదు, ముందు వరుసలో పొడుగుమనిషి అడ్డం రాడు. అయినా టికెట్టు కొని, గంటలు నిలబడి మరీ వింటాం. మాకు కంఠతా వచ్చిన పాటే కావాలి, కానీ అది అచ్చు గుద్దినట్టు రాకూడదు. రెండో చరణం చివర గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో మాకు తెలుసు. ఆ రోజు అక్కడ ఇంకొక్క క్షణం ఎక్కువ ఆగిందనుకోండి, హాలంతా ఊపిరి బిగబడుతుంది. డ్రమ్మర్ కర్ర పైకెత్తి దించకుండా ఆమె వైపు చూస్తాడు. ఆమె నవ్వుతుంది. అప్పుడు పల్లవి అందుకుంటే వచ్చే కేక ఏ రికార్డింగ్‌లోనూ ఉండదు.

దీన్ని ప్రయోగశాలలో కూడా పట్టుకున్నారు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, తమకు బాగా నచ్చిన సంగీతం వింటున్నవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి 2011లో ఒక సంగతి చెప్పారు. ఒళ్ళు పులకరించే ఘట్టం వచ్చినప్పుడు మెదడులో ఒకచోట డోపమైన్ అనే ఆనందపు రసాయనం విడుదలవుతుంది. ఆ ఘట్టం ఇదిగో వస్తోంది, ఇదిగో వచ్చేస్తోంది అని ఎదురుచూస్తున్నప్పుడు మరోచోట విడుదలవుతుంది. అంటే ఎదురుచూపుకు కూడా విడిగా ఆనందం ఉంది. తెలిసిన పాటను మళ్ళీ మళ్ళీ ఎందుకు వింటారు, విసుగు రాదా అని అడిగేవాళ్ళకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలీదు. ఇక 2024లో జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు పియానో సంగీతంతో ఇంకో ప్రయోగం చేశారు. వినేవారి మెదడు ఎలా స్పందిస్తోందో చూసుకుంటూ కళాకారులు అప్పటికప్పుడు వాయింపు మార్చుకున్నారు. భావోద్వేగాలతో సంబంధమున్న అమిగ్డలా అనే భాగం, ముందే రికార్డు చేసిన సంగీతానికంటే ఈ లైవ్ సంగీతానికి గట్టిగా, నిలకడగా స్పందించిందట. కళాకారుడు మనల్ని చూసి వాయిస్తున్నాడన్నదే అక్కడ అసలు సంగతి. ఎంత గట్టిగా వాయించాడన్నది కాదు.

ఈ ఆనందంలో మిగతా సగం, కచేరీ ముగిశాక మొదలవుతుంది. ఇంట్లో అదే పాట పెట్టుకుంటే ఇన్నాళ్ళూ పట్టించుకోని బేస్ గిటార్ ఇప్పుడు ప్రత్యేకంగా వినబడుతుంది, ఎందుకంటే ఆ తీగలు మీటినాయన కళ్ళు మూసుకుని తల ఊపడం మనం చూశాం. బట్టలు మడతపెడుతుంటే ఒక చరణం, బస్సు కోసం నిలబడితే ఒక చరణం, రాత్రి నిద్రపట్టకపోతే మొత్తం ఆల్బమ్. బాధలో ఉన్నప్పుడు విన్న పాట ఒకటి ఉంటుంది, ఆ బాధ తీరిపోయినా పాట పోదు. ఏడాదికి మేం కచేరీకి వచ్చేది ఏ రెండుమూడు సార్లో. మిగతా రోజులన్నీ పాట మా దగ్గరే బతుకుతుంది, మా చెవుల మీద ఆధారపడి. మీ హాల్లో వినే చెవులూ, ఇంట్లో వినే చెవులూ ఒక్కటే.

గొడవంతా అక్కడే.

ఒకసారి బాగా ఇష్టమైన బృందం కచేరీకి వెళ్ళాను. ఎక్కడో, ఎవరు నిర్వహించారో చెప్పను. ఒక్కరిని వేలెత్తి చూపడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. మూడో పాటకే గాయకుడి మాటలు కలిసిపోయి ఒక్కటే హోరయ్యాయి. పక్కనున్న స్నేహితురాలు నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా ఏమందో తెలీలేదు. బేస్ వచ్చినప్పుడల్లా చొక్కా గుండెల మీద అదురుతోంది. నిజం చెప్పాలంటే అది నాకు నచ్చింది కూడా. బయటికొచ్చాక లోకమంతా దుప్పటి కప్పుకున్నట్టుంది. ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకుంటున్నామని దారిన పోయేవాళ్ళు చూస్తేగానీ తెలీలేదు. మర్నాడు పొద్దున హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే బృందం పాట వేస్తే, మొదట్లో డ్రమ్స్ పక్కన సన్నగా ‘టిస్ టిస్’ అని తాళం వేసే హై-హ్యాట్ లేదు. పాట చెడిపోయిందేమో అని వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. లేదు. దాని స్థానంలో చెవిలో ఒక సన్నని ఈల, పాట ఆపినా ఆగని ఈల. సాయంత్రానికి ఈల తగ్గింది, హై-హ్యాట్ తిరిగొచ్చింది. కానీ ఆ ఒక్క పూట పడ్డ టెన్షన్ ఎలాంటిదో పాట మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇది మీలో చాలామందికి కొత్త కాదు. మీరు రోజూ ఆ హోరులోనే పనిచేస్తారు కాబట్టి మాకంటే మీకే బాగా తెలిసి ఉంటుంది. అయినా చెవి లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో చెబుతాను, నిర్వాహకుల కోసం.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో, ఒక్కో చెవికి దాదాపు 15 వేల రోమకణాలు ఉంటాయి. శబ్దానికి కదిలి, ఆ కదలికను నాడులకు అందించేవి అవే. పక్షుల్లో అవి పోయినా మళ్ళీ పుడతాయి. మనుషుల్లో పుట్టవు. పెద్ద శబ్దానికి ముందుగా దెబ్బతినేది సాధారణంగా 3 వేల నుంచి 6 వేల హెర్ట్జ్ మధ్య పలికే ధ్వనులు వినే చోటు. తాళాల మెరుపు, తీగ మీద వేలు జారే చప్పుడు, ‘స’, ‘శ’, ‘చ’ లాంటి అక్షరాల అంచులు చాలావరకు ఆ ప్రాంతంలోవే. అంటే ముందుగా పోయేవి పాటలోని నగిషీలు. ఢంఢం మాత్రం చివరిదాకా వినబడుతూనే ఉంటుంది, కాబట్టి మనకు బాగానే వినబడుతోందనే అనుకుంటాం. 2009లో కుజావా, లిబర్మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు 100 డెసిబెల్స్ హోరు రెండు గంటలు వినిపించారు. కొన్నాళ్ళకు వాటి వినికిడి పరీక్షలు మామూలుగానే వచ్చాయి. లోపల చూస్తే మాత్రం రోమకణాలకూ నాడులకూ మధ్య ఉండే సంధుల్లో, కొన్ని చోట్ల, సగం దాకా శాశ్వతంగా పోయాయి. ఎలుకల సంగతి మనుషులకు అచ్చంగా వర్తిస్తుందని కాదు. కానీ సాయంత్రానికల్లా ఈల తగ్గింది కదా, ఇంకేం ఫరవాలేదు అనే ధీమా నాకైతే ఆ సంగతి చదివాక పోయింది.

ఇప్పుడు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో కచేరీ వేదికల కోసమే ఒక ప్రమాణం విడుదల చేసింది. ఏ 15 నిమిషాలు తీసుకున్నా సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదు, లెవెల్‌ని కచేరీ నడుస్తున్నంతసేపూ కొలుస్తూ నమోదు చేయాలి, హాలు ధ్వని లక్షణాలూ స్పీకర్ల అమరికా సరిచూసుకోవాలి, ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలి, చెవులకు విరామమిచ్చే నిశ్శబ్దమైన చోటు ఒకటి ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, వచ్చినవారికి విషయం చెప్పాలి. ఇందులో అయ్యే పని కానిదేదో చూపించండి. స్విట్జర్లాండ్‌లో గంట సగటు 100 డెసిబెల్స్ దాటనివ్వరు, 93 దాటే కార్యక్రమమైతే ఇయర్‌ప్లగ్స్ ఉచితంగా ఇవ్వాల్సిందే. ఫ్రాన్స్‌లో 15 నిమిషాల సగటు 102 దాటకూడదని చట్టమే ఉంది. ఆ దేశాల్లో కచేరీలు ఆగిపోలేదు, జనం రావడం మానలేదు.

100 అనేది కూడా చిన్న సంఖ్యేం కాదు. వ్యక్తిగతంగా పాటలు వినే పరికరాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌తో కలిసి పెట్టిన ప్రమాణంలో, పెద్దవాళ్ళకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు అని ఒక కోటా ఉంది. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వినగలిగే సమయం సగానికి పడిపోతుంది. ఆ లెక్కన 100 దగ్గర వారం మొత్తానికి దక్కేది 20 నిమిషాల పైచిలుకు. మీ కచేరీ రెండున్నర గంటలు. అంటే పద్ధతిగా, ప్రమాణం దాటకుండా నడిపిన కచేరీ కూడా మా చెవుల కోటాలోంచి ఒక్క రాత్రిలో ఆరేడు వారాల పాటలు వాడేసుకుంటుంది. సరే, వాడుకోండి, మేం సంతోషంగానే ఇస్తాం. అందుకే కదా వచ్చింది! కానీ మీరు 106 దగ్గర నడిపితే అది నాలుగు రెట్లవుతుంది. అంత ఇవ్వడానికి మేం ఒప్పుకున్నట్టు టికెట్టు మీద ఎక్కడా లేదు.

ఇదే లెక్కను తిప్పి చూస్తే మీకూ లాభమే కనిపిస్తుంది. 3 డెసిబెల్స్ తగ్గిస్తే మా చెవులకు చేరే మోతాదు సగమవుతుంది. కానీ చెవికి ‘సగం’ తగ్గినట్టు తోచాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి. అంటే 103 నుంచి 100కి తెస్తే ఆ మోతాదు సగానికి తగ్గుతుంది, హాల్లో ఉన్నవాళ్ళకు మాత్రం తేడా అంతగా తెలియదు. ఇంత చవకగా వచ్చే మేలు ఇంకోటి ఉంటుందా? నేను అడిగిన ‘కాస్త’ అదే.

“జనం అదే కోరుకుంటారు, సౌండ్ తగ్గిస్తే ఊపు రాదు” అంటారని తెలుసు. ఆ మాటలో కొంత నిజముంది, కాదనను. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు చూపించారు: తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ సరిగా ఆనదు, వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్ నిండుగా వినబడుతుంది. అందుకే పెంచితే పాట బాగున్నట్టు అనిపిస్తుంది. ఇంట్లో మేమూ అలాగే పెంచుతాం. కానీ అలా అనిపించేది బేస్ నిండుదనం వల్ల కదా, దాని కోసం గొంతునూ గిటార్‌నూ తాళాలనూ చెవులు చిల్లులు పడేలా పెంచడమెందుకు? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక ఎలక్ట్రానిక్ సంగీత కచేరీ మధ్యలో, చెవికి సరిగా అందనంత లోతైన బేస్ ఇచ్చే స్పీకర్లను కాసేపు వేస్తూ కాసేపు ఆపుతూ వచ్చారు. అవి పనిచేస్తున్నప్పుడు జనం దాదాపు 12 శాతం ఎక్కువగా ఊగారు. తేడా ఏమిటో వాళ్ళకే తెలీలేదు. 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. ఊపు తేవడానికి చెవిని బాదక్కర్లేదన్నమాట. ఇలా లోతైన బేస్ ఇచ్చే సబ్‌వూఫర్లను తెలివిగా అమర్చేవాళ్ళు మీలో ఉన్నారు, వాళ్ళ కచేరీల్లో మేం పిచ్చిగా గెంతాం, మర్నాడు చెవులు బాగానే ఉన్నాయి.

చరిత్ర కూడా మీవైపు పూర్తిగా లేదు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ పాడినప్పుడు 55 వేల మందికి పైగా వచ్చారు. అప్పటి ఆంప్లిఫయర్లు ఆ కేకల ముందు ఏ మూలకూ రాలేదు, వేదిక మీద తాము వాయించేది తమకే వినబడలేదు. అంటే ఒకప్పుడు స్పీకర్లకు శక్తి చాలలేదన్న మాట నిజమే. తర్వాత పదేళ్ళలో లోలకం అటు చివరికి వెళ్ళిపోయింది. 1976లో లండన్‌లోని చార్ల్‌టన్ మైదానంలో ద హూ అనే రాక్ బృందం స్పీకర్లకు 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ నమోదు చేసి గిన్నిస్ పుస్తకానికెక్కింది. అలాంటి పోటీని ప్రోత్సహిస్తే చెవులు పోతాయని గిన్నిస్ వాళ్ళు ఆ తర్వాత ఆ విభాగాన్నే ఎత్తేశారు. ఆ బృందం గిటారిస్ట్ పీట్ టౌన్షెండ్ తన వినికిడి దెబ్బతిన్నదని, చెవుల్లో మోత ఆగదని బహిరంగంగానే చెప్పాడు. అయితే ఆయన ఎక్కువ తప్పు పట్టింది కచేరీలను కూడా కాదు, స్టూడియోలో గట్టిగా పెట్టుకుని విన్న హెడ్‌ఫోన్స్‌ను. ఈ ముక్క మీకంటే మాకే ఎక్కువ తగులుతుంది, ఒప్పుకుంటాను.

ఇప్పుడు మీకు శక్తి కొదవ లేదు, స్పష్టతకే కొదవ. హాలు సంగతి పట్టించుకోకుండా వాల్యూమ్ పెంచితే గోడలు కూడా పాడటం మొదలుపెడతాయి. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి ఆ సమస్య అప్పగించారు. ఆయన రాత్రుళ్ళు పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం ఊది, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాడు. శబ్దం ఆపాక కూడా ఐదు సెకన్లకు పైగా గదిలో తిరుగుతోందని తేలింది. ఒక్క మనిషి ఒళ్ళు దాదాపు ఆరు మెత్తలంత శబ్దాన్ని పీల్చుకుంటుందని కూడా ఆయనే లెక్క తేల్చాడు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్కలతో కట్టిందే. నూట పాతికేళ్ళ కింద మెత్తలు మోసి తెలుసుకున్న సంగతిని ఇవాళ మరిచిపోతే ఎలా? సాయంత్రం ఖాళీ హాల్లో చేసిన సౌండ్ చెక్, రాత్రి నిండిన హాలుకు సరిపోదు. వాద్యబృందం మైకుల్లేకుండా వాయించడానికి కట్టిన హాల్లో దాదాపు రెండు సెకన్ల ప్రతిధ్వని అందంగా ఉంటుంది. అదే హాల్లో డ్రమ్ కిట్టూ స్పీకర్లూ పెడితే ప్రతి దెబ్బా తర్వాతి దెబ్బ మీద పడి గజిబిజి అవుతుంది. అక్కడ సౌండ్ పెంచడం విరుగుడు కాదు, గోడలకు బరువైన తెరలు కట్టడం, స్పీకర్లను జనం వైపు వంచడం విరుగుడు.

సౌండ్ ఇంజనీర్లకు ప్రత్యేకంగా ఒక మనవి. మీరు నిలబడే చోటు దాదాపు ఎప్పుడూ హాలు మధ్యలో ఉంటుంది. వేదికకు రెండు పక్కలా సబ్‌వూఫర్లు పెట్టినప్పుడు బేస్ ఆ మధ్య గీత వెంట పోగవుతుంది, పక్కలకు వెళితే కొన్ని చోట్ల రెండు వైపుల శబ్దాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇది మీకు పాఠం చెప్పాల్సిన సంగతి కాదు. కానీ మొదటి రెండు పాటల మధ్యలో మిక్సర్‌ని సహాయకుడికి అప్పగించి, ఎడమ మూలకు, బాల్కనీ కిందికి, ముందు వరుసకు ఒక్కసారి నడిచి వచ్చేవాళ్ళు ఎంతమంది? ఇప్పుడు చేతిలో టాబ్లెట్ పట్టుకుని నడుస్తూనే లెవెల్స్ మార్చే సౌకర్యం ఉంది. ముందు వరుస వాళ్ళ చెవులు స్పీకర్‌కి రెండు మీటర్ల దూరంలో ఉంటే, వెనక వాళ్ళకు చేరాలని మీరు పెంచిన ప్రతి గీతా వాళ్ళ నెత్తినే పడుతుంది. పెద్ద మైదానమైతే మధ్యలో ఇంకో స్పీకర్ల స్తంభం పెట్టి, దానికి కాస్త ఆలస్యం ఇస్తే సరి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లే పోతుంది కదా, 34 మీటర్లకు పదో వంతు సెకను. ఆ ఆలస్యం సరిగ్గా కలిపిన మైదానంలో చిట్టచివర నిలబడి కూడా గాయకుడు చెవి దగ్గరే పాడుతున్నట్టు విన్నాను. ఆ రాత్రి ఆ ఇంజనీర్ ఎవరో తెలీదు గానీ, ఎవరైనా ఆయనకు చప్పట్లు కొట్టాల్సింది.

ఇంకోటి. మీ చెవులు కూడా చెవులే. గంట గడిచేసరికి అలసి మొద్దుబారతాయి, అన్నీ తగ్గినట్టు తోచి మీరు తెలీకుండానే కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. మొదటి పాట 97 దగ్గర మొదలై ఆఖరి పాట 105 దగ్గర ముగియడానికి కారణం పాటల ఊపు ఒక్కటే కాదు. అలసిన చెవి అబద్ధం చెబుతుంది, మీటరు చెప్పదు. అందుకే మీటరు కావాలంటున్నాను. అది మీకు మాత్రమే కాకుండా హాల్లో అందరికీ కనబడాలి.

పాటలో ఎత్తుపల్లాలు ఉండనివ్వండి. ఇది నిజానికి కళాకారులతో అనాల్సిన మాట, కానీ మిక్సర్ మీ చేతిలో ఉంది. మంద్రంగా మొదలయ్యే పాటను కూడా, హెచ్చుతగ్గులను చదును చేసే కంప్రెసర్‌తో నొక్కి, లాగి, ఆఖరి పల్లవంత గట్టిగా చేస్తే ఆ ఆఖరి పల్లవికి ఎక్కడానికి మెట్టే మిగలదు. గాయని మైకును నోటికి దూరంగా జరిపి పాడిందంటే ఆమెకో ఉద్దేశం ఉంది. దాన్ని మీరు వెంటనే మిక్సర్ మీది మీటతో, అదే ఫేడర్‌తో, పైకి తోసేస్తే ఆమె చేసిన పని వృథా. హాలు నిశ్శబ్దమై, గిటార్ తీగ మీద వేలు జారిన చప్పుడు వినబడిన కచేరీలు కొన్ని ఉన్నాయి. వాటినే ఏళ్ళ తరబడి చెప్పుకుంటాం.

ఇయర్‌ప్లగ్స్ గురించి. పెట్టుకుంటే పాట పోతుందని చాలామంది భయం. స్పాంజివి పెట్టుకుంటే సన్నని ధ్వనులు ఎక్కువగా, బరువైనవి తక్కువగా తగ్గుతాయి కాబట్టి గోడ అవతల పాడుతున్నట్టు ఉంటుంది, అది నిజమే. సంగీతం కోసమే చేసినవి అన్ని ధ్వనులనూ దాదాపు ఒకే స్థాయిలో తగ్గిస్తాయి, పాట అలాగే ఉంటుంది, మోత తగ్గుతుంది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ఆరుబయట సంగీతోత్సవానికి 51 మంది వాలంటీర్లను తీసుకెళ్ళి, కొందరికి ఇయర్‌ప్లగ్స్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా నాలుగున్నర గంటలు ఉంచారు. సగటు 100 డెసిబెల్స్. ఇవ్వనివాళ్ళ చెవుల్లో 42 శాతానికి వినికిడి తాత్కాలికంగా తగ్గింది, ఇచ్చినవాళ్ళలో 8 శాతానికే. చెవిలో మోత వచ్చినవాళ్ళు ఒకవైపు 40 శాతం, ఇంకోవైపు 12. మీరు గేటు దగ్గర చేతికి పట్టీ కట్టే మనిషితోనే ఒక జత ఇప్పించొచ్చు. ఎలా పెట్టుకోవాలో చిన్న బొమ్మ కూడా ఇవ్వండి, ఎందుకంటే సగం మంది స్పాంజిని నలపకుండా చెవి అంచున తగిలించి, పనిచేయడం లేదంటారు. పసిపిల్లలను భుజాల మీద ఎక్కించుకుని వచ్చే తల్లిదండ్రులను మాత్రం ఇయర్‌మఫ్స్ లేకుండా స్పీకర్ల వైపు పోనివ్వకండి. దీని మీద బేరం లేదు.

చిల్లర ఫిర్యాదులు రెండు, త్వరగా చెప్పేస్తాను. విరామంలో వేసే రికార్డు పాటలు కచేరీ అంత గట్టిగా ఉండక్కర్లేదు. చెవులకు దొరికే ఆ పదిహేను నిమిషాలనూ లాక్కోకండి, పక్కవాళ్ళతో ఇందాకటి పాట గురించి మాట్లాడుకోనివ్వండి. రెండోది, మొదట పాడే కొత్త బృందానికి కావాలని సౌండ్ తగ్గించి, స్పష్టత చెడగొట్టి, ప్రధాన బృందం రాగానే ఒక్కసారిగా పెంచే అలవాటు మానండి. మేం కొత్తవాళ్ళను వినడానికి కూడా వస్తాం.

మా వైపు తప్పు లేదని అనడం లేదు. బస్సు మోత మీద వినబడాలని ఇయర్‌బడ్స్ వాల్యూమ్ చివరిదాకా తోసేది మేమే. అలా పాటలు వినడం, హోరెత్తే చోట్లకు వెళ్ళడం, ఈ రెండింటి వల్ల 12 నుంచి 35 ఏళ్ళ మధ్యవాళ్ళలో 100 కోట్ల మందికి పైగా వినికిడి ముప్పులో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పాపంలో మా వాటా పెద్దదే. 1979లో వచ్చిన మొదటి వాక్‌మన్ క్యాసెట్ ప్లేయర్‌కు రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు, ఒక నారింజ రంగు మీట ఉండేవి. మీట నొక్కితే పాట తగ్గి, పక్కవాళ్ళ మాట వినబడేది. అలాంటి మర్యాద యంత్రాల్లోంచి మధ్యలో ఎటో పోయి, బయటి శబ్దం వినిపించే ఇయర్‌బడ్స్‌తో ఇప్పుడు మళ్ళీ వస్తోంది. బయటి మోతను తగ్గించే హెడ్‌ఫోన్స్ వచ్చాక వాల్యూమ్ సగంలోనే పాట నిండుగా వినబడుతోంది. వారానికి ఎంత గట్టిగా విన్నామో ఫోనే చెబుతోంది. ఇంట్లో మేం మా లెవెల్ చూసుకోగలం, తగ్గించుకోగలం. మీ హాల్లో ఆ మీట మా చేతిలో లేదు. ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం అదొక్కటే.

కాబట్టి వచ్చే కచేరీకి ఇవి చేయండి. టికెట్లు అమ్మే పేజీలోనే ఆ కార్యక్రమం ఏ లెవెల్‌కు లోబడి నడుస్తుందో రాయండి. వేదిక పక్కన తెర మీద ప్రకటనలు వేసే చోట, ఒక మూలగా, గత 15 నిమిషాల సగటు చూపించండి. 100 దాటితే అంకె ఎర్రగా మారేలా పెట్టండి. స్పీకర్లకు దూరంగా ఒక నిశ్శబ్దపు మూల, అక్కడికి దారి చూపే బాణం గుర్తు పెట్టండి. కచేరీ అయిన మర్నాడు ఆ రాత్రి లెవెల్స్ రికార్డు మీ సొంత పేజీలో పెట్టండి, బాగా నడిపితే గొప్పగా చెప్పుకోండి కూడా. రెండు కచేరీలు ఒకేరోజు ఉన్నప్పుడు ఎటు వెళ్ళాలో మేం ఆ అంకెలు చూసి తేల్చుకుంటాం. అంకె పెట్టనివాళ్ళకు టికెట్టు కొనేముందు “లెవెల్ ఎంత పెడతారు?” అని ఒక మెసేజ్ పంపుతాం. నేను ఇప్పటికే పంపడం మొదలుపెట్టాను. జవాబిచ్చినవాళ్ళ హాలుకే వెళుతున్నాను.

ఇట్లు,
ముందు వరుసలో చోటు దొరికినా నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడే ఒక శ్రోత